రెండో కృష్ణుడు

పాత షట్టరు టీవీ వెనక మూత విప్పితే ఒక వాసన వస్తుంది. ఏళ్ల తరబడి ఎల్‌ఓటీ అనే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ మీద పేరుకుని, వేడికి సగం మాడిన దుమ్ము వాసన. దాన్లో కాస్త వార్నీషు, కాస్త సోల్డరింగు రోజను, ఇంకాస్త బొద్దింకల కంపు కలిసుంటాయి. శ్రీకాకుళంలో పాతసామాను కొట్ల ముందు ఇప్పటికీ అప్పుడప్పుడూ అలాంటి సెట్టు ఒకటి బోర్లా పడి కనిపిస్తుంది. పిక్చర్‌ట్యూబు మెడకుండే తీగచుట్ట, యోక్‌లో ఉన్న కాస్త రాగి కోసం విప్పుతారు. మూత ఊడగానే ఆ వాసన, దాని వెనకే ఆదివారం ఉదయం.

రామాయణమో భారతమో మళ్ళీ తీస్తున్నారని కబురొచ్చినప్పుడల్లా మా వైపు పెద్దవాళ్లు ఎవరు తీస్తున్నారని అడగరు, ఎంత ఖర్చని అడగరు. "రాముడేసం ఎవులు కడతన్నారు?" అంటారు. పేరు చెప్తే ఫోన్లో ఫొటో చూస్తారు, దూరంగా పెట్టి ఒకసారి, దగ్గరగా పెట్టి ఒకసారి. "బాగున్నాడు గానీ..." అని ఆపేస్తారు. ఆ "గానీ" తర్వాత ఏముందన్నదే ఇక్కడ సంగతి.

*

దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ రామాయణం 1987 జనవరి 25న మొదలైంది. ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి. వీధికి ఒకటో రెండో టీవీలున్న రోజులు. తొమ్మిదింటికే చోడంబలి తాగేసి, చెప్పులు గుమ్మం బయట వదిలి, పిల్లలు నేల మీద ముందు వరసలో సర్దుకునేవారు. టీవీ మీద ఎంబ్రాయిడరీ గుడ్డ తీసి మడతపెట్టడం ఇంటావిడ హక్కు. కొన్నిళ్లలో సెట్టుకి బొట్టు, పూలదండ, రెండు అగరొత్తులు కూడా.

తొమ్మిదింబావుకి అసలు పని మేడమీద నడిచేది. ఇరవై అడుగుల ఇనప పైపు, దాని చివర అల్యూమినియం యాంటెన్నా. వెనకవైపు అన్నిటికన్నా పొడుగు కడ్డీ, దాని ముందు మడతపెట్టిన చెవి లాంటి డైపోల్, ఆ ముందు పొట్టి కడ్డీలు వరసగా. పొట్టి కడ్డీల కొస సిగ్నలు వచ్చే వైపు ఉండాలి. మా వైపు ఆ కొస వైజాగు దిక్కుకి చూసేది. ఒకడు పైపు తిప్పుతూ "వొచ్చిందా?" అని కేకేస్తే, కిటికీ దగ్గర ఒకడు "లేదు, ఇంకొంచెం, ఆగాగు, పోయింది!" అని అందుకునేవాడు.

డైపోల్ నుంచి కిందకి వచ్చేది చదును రిబ్బను తీగ, మూడువందల ఓముల రకం. దాన్ని ఇనప పైపుకి చుట్టి కట్టేస్తే సిగ్నలు సగం అక్కడే ఆగిపోతుంది. అందుకే పైపుకి రెండు మూడంగుళాల ఎడంగా ప్లాస్టిక్ కొక్కేలు పెట్టి దించేవారు. వానకి ఆ తీగ తడిస్తే బొమ్మ నిండా చుక్కలు. కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలికి ఇంకో బాధ: రాగితీగ అల్యూమినియానికి కలిసే చోట తెల్లటి పొడి పట్టి, స్క్రూ బిగిసే ఉన్నా కరెంటు ప్రవహించదు. గరుకు కాగితంతో గీకి, గ్రీజు రాసి, మళ్ళీ బిగించాలి. తెలియనివాళ్లు బూస్టర్ కొనేవారు. బూస్టర్ ఉన్న చుక్కల్నే పెద్దవి చేసి చూపించేది.

అసలు రెండో రాముడు అప్పుడే వచ్చాడు ఒకరకంగా. ట్రాన్స్‌మిటర్ నుంచి తిన్నగా వచ్చే సిగ్నలూ, కొండకో వాటర్ ట్యాంకుకో తగిలి లిప్తపాటు ఆలస్యంగా వచ్చే సిగ్నలూ కలిస్తే, రాముడి కుడిపక్క మసకగా ఇంకో రాముడు నిలబడేవాడు. ఇద్దరూ ఒకేసారి బాణం వేసేవారు. "ఆ దెయ్యంరాముణ్ని తియ్యండర్రా" అని ఏ మామ్మో విసుక్కుంటే పైపు మళ్ళీ తిరిగేది.

కరెంటు పోతే పద్నాలుగంగుళాల పోర్టబుల్ ఉన్నవాళ్లే దిక్కు. పన్నెండు ఓల్టుల ట్రాక్టరు బ్యాటరీ ఇంట్లోకొచ్చేది. ఎరుపు క్లిప్పు పెద్ద బుడిపెకి, నలుపు చిన్నదానికి. తారుమారైతే ఫ్యూజు పోయేది, ఫ్యూజు బదులు ఎవరో తీగముక్క చుట్టి ఉంటే సెట్టే పోయేది. బ్యాటరీ దిగిపోతున్నకొద్దీ బొమ్మ నాలుగు పక్కల్నించీ కుంచించుకుపోతుంది. యుద్ధకాండ కొచ్చేసరికి రావణుడు పోస్టుకార్డంతై దర్బారు నడిపిన ఆదివారాలున్నాయి.

ఇంతా చేస్తే భాష హిందీ. వీధికి ఒక దుబాసీ ఉండేవాడు. బడి హిందీ మాస్టారు గానీ, మిలిటరీ నుంచి వచ్చినాయన గానీ, కరగ్‌పూర్ రైల్వేలో చేసి రిటైరైన బావ గానీ. శ్రీకాకుళం జిల్లాలో ఇంటికొకరు కరగ్‌పూర్‌లో ఉండేవాళ్లాయె. ఆయన కుర్చీ టీవీ పక్కన, జనం వైపు తిరిగి. రాముడు నాలుగు వాక్యాలు మాట్లాడితే ఆయన ఒక్కటి చెప్పేవాడు: "ఎల్లొస్తాననీసి సెప్తన్నాడు." అంటే మా వైపు జనానికి తెలిసిన రాముడికి అరుణ్ గోవిల్ ముఖం, కరగ్‌పూర్ బావ గొంతు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ముందు పని పడుతుంది.

*

అరుణ్ గోవిల్‌ని కూడా జనం మొదటి వారమే రాముడని ఒప్పుకోలేదు. తెలుగువాడికి అతనే మారు వేషగాడు. 1963 లవకుశ నాటి నుంచి రాముడంటే ఎన్.టి. రామారావు. టూరింగు టాకీసుల్లో ఆ రీళ్లు అరిగిపోయేదాకా చూసినవాళ్లు, ఈ సన్నటి అబ్బాయిని చూసి పెదవి విరిచారు. "నవ్వు బాగుంది గానీ పద్యం లేదు" అన్నది పెద్ద ఫిర్యాదు. రవీంద్ర జైన్ గొంతులో హిందీ చౌపాయి పాటలు నడుస్తుంటే, వీళ్లు ఇప్పుడు పద్యం ఎత్తుకుంటాడు, ఇప్పుడు ఎత్తుకుంటాడు అని కాచుకునేవారు.

మరి ఎలా ఒప్పుకున్నారు? ఒకటి ఆ నవ్వే. మొదట వేసిన మేకప్ పరీక్షల్లో అతను దేవుడిలా కనబడలేదట, చిరునవ్వు కలిపాక ముఖం కుదిరిందని అతనే చాలాసార్లు చెప్పాడు. రెండోది వారం గడువు. మొత్తం 78 ఆదివారాలు. ఆదివారం చూసింది శనివారం దాకా బావి దగ్గరా, బడ్డీ దగ్గరా నలిగేది. వేషం సగం తెర మీద తయారైతే సగం ఆ ఆరు రోజుల్లో తయారైంది. ఇప్పటి రోజువారీ సీరియల్ వేషగాడికి ఆ ఆరు రోజులు లేవు. నిన్నటిది నానకముందే ఇవాళ్టిది వచ్చి పడుతుంది.

మూడోది చాలామంది పట్టించుకోనిది: ఆ తెర ఆకారం. అప్పటి టీవీ దాదాపు చదరం, నాలుగుకి మూడు. కిరీటం పెట్టుకున్న ముఖం నిలువుగా పొడుగు. ఆ చట్రంలో అది నిండుగా, దేవుడి పటంలా ఇమిడేది. ఇప్పటి పదహారుకి తొమ్మిది తెరలో అదే ముఖాన్ని దగ్గరగా చూపిస్తే కిరీటం కొస తెగుతుంది, కిరీటమంతా చూపిస్తే ముఖం చిన్నదై రెండు పక్కలా ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో స్తంభాలు, దీపాలు, పొగ నింపుతారు. కొత్త కృష్ణుడిలో ఏదో తగ్గిందని జనం అంటే, తగ్గింది అతనిలో కాకపోవచ్చు.

దానికి తోడు నలుపుతెలుపు. ఎరుపూ ఆకుపచ్చా ఒకే బూడిద రంగులో కనబడే సెట్టులో సీతమ్మ చీర రంగెవరికి నచ్చింది వారు ఊహించుకునేవారు. విగ్గు అంచు, అట్ట నగ, బంక మరక ఏవీ కనబడేవి కావు. 576 గీతల బొమ్మ ఎన్నో తప్పుల్ని కడుపులో పెట్టుకునేది. హెచ్‌డీలో నుదుటి మీద విగ్గు వల అంచు తేలిపోతుంది, ఇత్తడిపూత ఇత్తడిపూతలాగే కనబడుతుంది.

*

ఒక వేషానికి ఒక్క ముఖమే అన్న పట్టుదల మాకు సినిమా, టీవీ నేర్పాయి. అంతకుముందు లేదు.

తీర్థానికో, అమ్మవారి పండక్కో పద్యనాటకం వేయించే ఊళ్లలో శ్రీకృష్ణరాయబారం నాటకం కరపత్రం చూసినవాళ్లకు తెలుసు: "మొదటి కృష్ణుడు ఫలానా, రెండో కృష్ణుడు ఫలానా, మూడో కృష్ణుడు ఫలానా." ఒకే రాత్రి, ఒకే పాత్ర, ముగ్గురు మనుషులు. పడకసీనులో నిద్రలేచిన కృష్ణుడు సన్నగా ఉంటాడు. కౌరవసభకి రాయబారం వెళ్లేసరికి కృష్ణుడికి బొజ్జ వచ్చేస్తుంది. ఎవరూ నొచ్చుకునేవారు కాదు. హరిశ్చంద్రలోనూ అంతే, కాటిసీను హరిశ్చంద్రుడు వేరు.

దానికి కారణాలు మామూలువే. ఆట రాత్రి పదికి మొదలై తెల్లారుతుంది. ఐదున్నర, ఆరు శ్రుతిలో గంటలకొద్దీ పద్యాలు పాడి, ఒక్కో రాగం సాగదీస్తే ఏ గొంతూ నిలబడదు. పైగా పడకసీనుకి కావలసిన సరుకు వేరు: అర్జునుణ్నీ దుర్యోధనుణ్నీ ఎదురుగా పెట్టుకుని కొంటెగా నవ్వాలి, పద్యం తీపిగా ఉండాలి. రాయబారానికి దమ్ము కావాలి, సభని దబాయించాలి. రెండూ ఒకడిలో ఉండటం అరుదు. కాబట్టి పంచుకునేవారు.

రెండో కృష్ణుడి పని తేలిక కాదు. మొదటాయన "వన్స్‌మోర్"లతో జనాన్ని వేడెక్కించి వెళ్లిపోతాడు, జుబ్బాకి గుచ్చిన ఐదురూపాయల నోట్లు రెపరెపలాడుతుండగా. ఈయన పక్కతెర వెనకే నిలబడి అంతా వినాలి. వినేది ఆనందానికి కాదు. మొదటాయన ఏ రాగాలు వాడాడో లెక్క చూసుకోవాలి. ఆయన మోహన ఎత్తుకుని మెప్పించి ఉంటే ఈయన మొదటి పద్యానికి మోహన జోలికి పోకూడదు. ముందే హార్మోనిస్టుతో శ్రుతి చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే హార్మోనియం ఇంకా మొదటి కృష్ణుడి శ్రుతిలోనే ఉంటుంది. అర శ్రుతి ఎక్కువైతే మూడో పాదంలో గొంతు చీలుతుంది, తక్కువైతే పద్యం నీరుగారుతుంది. వెనక బెంచీలు ఈ రెండూ క్షమించవు. మొదటాయన్ని అనుకరించినవాడు తప్పకుండా దెబ్బతినేవాడు. వేరేగా పాడినవాడికి కనీసం పావుగంట గడువిచ్చేవారు.

మా వైపు ఆడే తూర్పుభాగవతంలో ఈ పద్ధతి ఇంకా గట్టిది. మద్దెలలు మోగుతుండగా సత్యభామగా వచ్చేది మగవాడు, ఒక్కోసారి నడివయసు దాటినవాడు. ముఖం ఎవరు చూస్తారు? జడ ఎలా పట్టుకున్నాడు, అడుగు తాళానికి దిగిందా లేదా అని చూస్తారు. ఆ రెండూ కుదిరితే సత్యభామే.

ఇక విజయనగరంలో గిరీశం సంగతి. కన్యాశుల్కం 1892లో మొదట ఆడింది ఆ ఊళ్లోనే. సినిమాలో, 1955లో, గిరీశం ఎన్.టి. రామారావు. రంగస్థలం మీద జె.వి. రమణమూర్తి. ఆయనా, రామప్పపంతులు వేసిన అన్నగారు జె.వి. సోమయాజులూ మా శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారం వాళ్లు. ఎంత పెద్ద నటుడు వేసినా ఈ వైపు జనం గిరీశాన్ని ముఖంతో తూచరు, నాలుకతో తూస్తారు. విజయనగరం మాట విరుపు లేకపోతే సిగరెట్టు ఎంత వయ్యారంగా పట్టుకున్నా లాభం లేదు. రేపు ఎవరైనా వెబ్ సీరీస్‌గా తీస్తే మొదటి వడపోత అక్కడే జరగాలి. మాట తర్వాత నేర్పుకోవచ్చులే అనుకుంటే, కెమెరా ముందు నటుడి బుర్ర సగం యాసని మోస్తూ ఉంటుంది, గిరీశం చెయ్యాల్సిన గడుసు పనికి సగమే మిగులుతుంది.

*

2008లో సాగర్ కుటుంబ సంస్థే రామాయణాన్ని మళ్ళీ తీసింది. గుర్మీత్ చౌధరి రాముడు, దెబీనా బెనర్జీ సీత. అప్పటికి మా వైపు కేబుల్ వచ్చేసి యాంటెన్నాలు మేడమీద కాకులకి మిగిలాయి. చూశారు, బాగుందన్నారు, అంతే. భారతం కథ వేరుగా నడిచింది. బి.ఆర్. చోప్రా భారతం 1988 అక్టోబరు నుంచి 1990 జూన్ దాకా 94 భాగాలు. ఆ రోజుల్లో మా పిల్లలు "మాతాశ్రీ, అంబలి పెట్టు" అనేవారు. కృష్ణుడు నితీశ్ భరద్వాజ్, చదువు పశువైద్యం. మొదట అతన్ని విదురుడి వేషానికి అనుకుని, వయసు చాలదని పక్కన పెట్టి, చివరికి కృష్ణుణ్ని చేశారు. భీముడు ప్రవీణ్ కుమార్ డిస్కస్ విసిరే ఆటగాడు, ఏషియాడ్ బంగారు పతకాలున్నవాడు. శకుని గూఫీ పెయింటల్. వేషాలకి మనుషుల్ని ఏరే పనిలో ఉన్నదీ ఆయనే. అందుకే కాబోలు ఆ భారతంలో ముఖం చూడగానే పాత్ర పేరు తెలిసిపోయేది.

2013లో స్టార్ ప్లస్ భారతం వచ్చింది, సౌరభ్ రాజ్ జైన్ కృష్ణుడిగా. 267 భాగాలు. ఈసారి కృష్ణుణ్ని మా వైపు కుర్రకారు నిజంగానే ఒప్పుకున్నారు. తెలుగు డబ్బింగు అందులో సగం పని చేసిందని నా మట్టుకు అనిపిస్తుంది. కరగ్‌పూర్ బావ అవసరం తీరిపోయింది. ఈ కృష్ణుడు టీవీలో వాళ్ల భాషలో, మధ్యలో దుబాసీ లేకుండా మాట్లాడాడు.

డబ్బింగంటే వేషానికి రెండోసారి మనిషిని ఏరడమే. హిందీ మాటలో ప, బ, మ వచ్చిన చోట పెదాలు మూసుకుంటాయి. తెలుగులోనూ అక్కడ అలాంటి అక్షరమే పడాలి. లేకపోతే మూతి ఒకటి అంటుంటే చెవికి ఇంకోటి వినబడుతుంది. హిందీ వాక్యం "హై" అని నోరు తెరుచుకుని ఆగుతుంది. తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది, అదేమో పొడుగ్గా వచ్చి కూర్చుంటుంది. రాసేవాడు వాక్యాన్ని తలకిందులు చేసి చివర చిన్న మాట పడేట్టు చూడాలి. వ్యవధి మిగిలితే "ఓ పార్థా" అని ఒక పిలుపు ఇరికిస్తారు. అన్నిటికన్నా ఊపిరి ముఖ్యం. తెరమీద మనిషి గుండె ఎగిసిన చోట గొంతులోనూ ఎగియాలి. పెదాలు కలిసి ఊపిరి కలవకపోతే ఆ కృష్ణుడు గాజుబొమ్మలా ఉంటాడు.

కృష్ణుడి విషయంలో ఒక్క పాత సంగతి చెప్పాలి. రామారావుకి కూడా కృష్ణుడు తొలిసారే కుదరలేదు. 1957 మాయాబజార్‌కి ముందు ఒక సినిమాలో చిన్నపాటి కృష్ణవేషం వేస్తే జనానికి ఎక్కలేదు. మాయాబజార్‌కి కిరీటం మీదా, ఆహార్యం మీదా ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టారు. మనిషి అతనే. కిరీటం మారింది.

*

దేవుళ్లే కాదు, ఇంటి ఓనరు గోల కూడా. ఆదివారం రాత్రి అమృతం అనే హాస్య సీరియల్. 2001 నుంచి 2007 దాకా. అమృతరావు వేషంలో శివాజీరాజా, తర్వాత నరేష్, తర్వాత హర్షవర్ధన్. ముగ్గురు. వింత ఏమిటంటే, మార్చినప్పుడల్లా రెండు వారాలు గొణిగి జనం సర్దుకున్నారు, అచ్చం రాయబారంలో లాగా. ఎందుకంటే చుట్టూ ఉన్న ముఖ్యులు చాలామంది కదల్లేదు. స్నేహితుడు ఆంజనేయులుగా, అంటే అంజిగా, గుండు హనుమంతరావు అక్కడే ఉన్నాడు, ఇంటి ఓనరు అప్పాజీ అద్దె అడుగుతూనే ఉన్నాడు, సర్వరు సర్వం కంగారుపడుతూనే ఉన్నాడు. కొత్త అమృతం ఆ తాళంలోకి దిగితే సరిపోయింది.

2014లో సినిమాగా తీసినప్పుడు అమృతాన్నీ ఆంజనేయుల్నీ ఇద్దర్నీ ఒకేసారి మార్చారు. బండికి రెండు ఎడ్లనీ ఒకేరోజు మార్చినట్టయింది. 2018లో హనుమంతరావు పోయాడు. 2020లో రెండో అమృతం వెబ్ సీరీస్‌గా వచ్చినప్పుడు హర్షవర్ధన్ తిరిగొచ్చాడు, అంజి వేషం ఎల్.బి. శ్రీరామ్‌కి వెళ్లింది. శ్రీరామ్ చిన్న నటుడు కాదు, ఆయన విరుపు ఆయనదే. కానీ పాత జంటలో అంజి మాటకీ అమృతం మాటకీ మధ్య ఒక అర లిప్త ఖాళీ ఉండేది. నవ్వు పుట్టేది ఆ ఖాళీలోనే. అది కాగితం మీద రాసి ఇచ్చేది కాదు. తిట్లు తినేవాణ్ని మార్చొచ్చు, తాళం వేసేవాణ్ని మార్చడమే కష్టం.

*

లాక్‌డౌన్ రోజుల్లో, 2020 మార్చి 28 నుంచి, దూరదర్శన్ పాత రామాయణాన్నే మళ్ళీ వేసింది. ఏప్రిల్ 16న ఒక్కరోజే 7.7 కోట్ల మంది చూశారని ప్రకటించుకుంది. మా వైపు ఇళ్లలో పెద్దవాళ్లు స్నానం చేసి కూర్చున్నారు. మనవలు మాత్రం "ఏటి మామ్మా, బాణం అంత నెమ్మదిగా ఎల్తంది" అని నవ్వారు. పెద్ద తెర మీద ఆ బొమ్మ మసగ్గా, పక్కకి సాగదీసి, రాముడికి బుగ్గలొచ్చినట్టు కనబడింది. సెట్టింగుల్లోకి వెళ్లి నాలుగుకి మూడు చేస్తే రెండు పక్కలా నల్లపట్టీలొచ్చి ముఖం సరిగ్గా కుదురుకుంది. "ఇదిగో, ఇప్పుడొచ్చినాడు" అన్నారు పెద్దవాళ్లు.

కొత్త వేషగాణ్ని ఏరేవాళ్లు కిరీటంతో ఒకసారి, లేకుండా ఒకసారి ఫొటోలు తీస్తారు, ఎదురుగా, ముప్పాతికగా, పక్కగా. నవ్వమంటారు, నవ్వొద్దంటారు. సీతని పక్కన నిలబెట్టి ఎత్తు చూస్తారు. గొంతు వింటారు. అవన్నీ సరైనవే. చీకట్లో నిలబెట్టి, ముందటివాడికి చప్పట్లు పడుతుంటే ఇతని ముఖం ఎలా ఉందో చూసే పరీక్ష కూడా ఒకటి ఉండాల్సింది.

సామాను తక్కువున్న డ్రెస్ కంపెనీ వస్తే రాయబారానికి కృష్ణుడి కిరీటం ఒక్కటే ఉండేది. మొదటి కృష్ణుడు పక్కతెర వెనక్కి రాగానే తల వంచేవాడు, వెనక ముడి విప్పి రెండో కృష్ణుడే దాన్ని తీసుకునేవాడు. లోపల చెమటకి తడిసిన గుడ్డ ఉంటుంది. తల పెద్దదైతే ఒక మడత తీసేస్తారు, చిన్నదైతే తువ్వాలు ముక్క ఇంకో మడత పెడతారు. తాడు బిగించి, రెండు వేళ్లు దూరుతున్నాయో లేదో చూసి, తల అటూ ఇటూ ఊపిస్తారు. ఈలోగా హార్మోనిస్టు కొత్త శ్రుతి పట్టుకుని నొక్కుతూ ఉంటాడు.